గుండె మత్తు నేర్చుకోబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

ఆదివారం అరసవల్లి గుడి దగ్గర మీ అమ్మ చెప్పింది, నీకు కార్డియాక్ అనస్థీషియాలో, అంటే గుండె ఆపరేషన్లకి మత్తిచ్చే చదువులో, ఎండీ తర్వాతి డీఎం సీటొచ్చిందని. ప్రసాదం చేతిలోనే ఉండిపోయింది. నేను హెర్నియాలకీ కాన్పులకీ మత్తిచ్చి రిటైరైనవాణ్ణి. నువ్వేమో ఆపరేషన్ కోసం ఆపేసిన గుండె పక్కన నిలబడతావు. గర్వంగా ఉంది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

గ్యాస్ మత్తు మంచిదా, నరంలోకిచ్చే ప్రొపోఫాల్ మంచిదా అని అడిగావట. సెవోఫ్లురేన్ లాంటి గ్యాసులు గుండె కండరాన్ని దెబ్బ తట్టుకునేలా చేస్తాయని చాలాకాలం ఆశపడ్డాం. 2019లో మిరియడ్ అధ్యయనం వచ్చింది. 13 దేశాలు, 36 ఆసుపత్రులు, ముందే తేదీ పెట్టుకుని బైపాస్ చేయించుకున్న 5,400 మంది. ఏడాదిలోపు పోయినవాళ్ళు గ్యాస్ వైపు నూటికి 2.8, ఇంజెక్షన్ వైపు 3.0. తేడా లేనట్టే. నీ చేతికి అలవాటైనది వాడుకో. మత్తు మిషన్, సక్షన్ ముందే చూసుకోమని నీకు చెప్పక్కర్లేదు.

నా భయమంతా సిరంజి తోసే బొటనవేలి మీద.

ఉద్యోగంలో చేరిన ఏడాది, కళింగపట్నం వైపు నుంచి ఒక జాలరి తాతని రాత్రిపూట తెచ్చారు. ఇరుక్కుపోయిన హెర్నియా. కాళ్ళు వాచి ఉన్నాయి, రెండు మాటలకే ఆయాసం. పెంటోథాల్ అనే మత్తు ఇంజెక్షన్ ఇచ్చాను. కళ్ళు మూయడే! నావంకే చూస్తున్నాడు. సర్జన్ గారు చేతులు కడుక్కుని నిలబడ్డారు, నాకు టెన్షన్. చాలలేదనుకుని ఇంకాస్త తోశాను. మొద్దుబుర్ర! నీరసపడ్డ గుండెకి రక్తం నడకే మెల్ల, చేతికిచ్చిన మందు తలకెక్కడానికి ఆలస్యమవుతుంది. మొదటిదీ రెండోదీ కలిసి ఒక్కసారే పడ్డాయి. నా వేళ్ళ కింద నాడి సన్నబడి సన్నబడి, పోయింది. అడ్రినలిన్‌తో ఎలాగో తిరిగొచ్చింది. పది రోజులకి ఆయన కొడుకు తాటాకు బుట్టలో వంజరం తెచ్చి దండం పెట్టాడు. మీ అత్త పులుసు పెట్టింది. నాకు ముద్ద దిగలేదు.

నీ దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామందివి అలాంటి గుండెలే, గుంటా. కొంచెం ఇవ్వు. ఆగు. గడియారం చూడు. సర్జన్ విసుక్కుంటే విసుక్కోనీ.

ఇంకొకటి. గుండె, ఊపిరితిత్తుల పని తనే చేసే హార్ట్ లంగ్ మిషన్ మీదకెళ్ళాక ఊపిరితిత్తులు ఆపేస్తారు కదా, అప్పుడు నీ మత్తు మిషన్‌లో గ్యాస్ తిప్పినా రోగికి చేరదు. ఆ పంపులో రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే ఆక్సిజనేటర్‌కి మత్తు గ్యాస్ కలిపారా, లేదా ప్రొపోఫాల్ నడుస్తోందా అన్నది నీ కళ్ళతో నువ్వే చూడు. కదల్లేని మనిషి లోపల మెలకువగా ఉండడం తలుచుకుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

తిండి మానకు. మొదటి కేసయ్యాక ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా సరే. మీ అత్త పడుకున్నా నేను మేలుకునే ఉంటాను.

మీ మావయ్య,
శ్రీకాకుళం