వయోలా వాయించే అమ్మాయికి రేపు బతుకుతెరువు ఏమిటి?

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాము. పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఎనిమిదేళ్లుగా వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది, మంద్రంగా పలికే వాద్యం) నేర్చుకుంటోంది. చెక్ దేశపు పావెల్ హాస్ క్వార్టెట్ (నలుగురు వాద్యకారుల బృందం) కచేరీ విన్నప్పటి నుంచి తానూ అలాంటి బృందంలోనే ఉంటానని పట్టుబట్టింది. మా వాళ్ల పిల్లలందరూ డేటా సైన్స్‌లో చేరుతున్నారు. రెండింటినీ పోల్చి చెప్పగలరా? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీరు పోల్చమన్నది రెండు కోర్సులనే అయినా, మిమ్మల్ని నిద్రపోనివ్వని భయం మాత్రం ఆ బృందం రేపు నిలవకపోతే పిల్ల ఏమైపోతుందన్నది. ముందు దానికే జవాబు చెబుతాను.

వయొలిన్ కళాకారిణి వెరోనికా యారుష్కోవా 2002లో నెలకొల్పిన ఈ క్వార్టెట్ మూడేళ్లకే ప్రేగ్ స్ప్రింగ్ సంగీత పోటీలోనూ, ఇటలీలోని పావొలో బోర్చానీ పోటీలోనూ గెలిచింది. వీరు వాయించిన చెక్ స్వరకర్త ద్వోర్జాక్ క్వార్టెట్లకు (నలుగురి కోసం రాసిన రచనలకు) 2011లో గ్రామఫోన్ పత్రిక ఆ ఏటి ఉత్తమ రికార్డింగ్ పురస్కారం ఇచ్చింది. అమ్మాయి కంటికి కనిపించినది ఇంతవరకే. ఇందులో రెండో వయొలిన్ స్థానం పలుమార్లు చేతులు మారింది. మొదటి నుంచీ వయోలా వాయించిన పావెల్ నికల్ 2016లో తప్పుకున్నారు, ఆ తరువాత ఆ కుర్చీలోనూ ఒకరి తరువాత ఒకరు వచ్చారు. అయితే ఐదుగురు వాయించే ద్వోర్జాక్ క్వింటెట్‌కు రెండో వయోలా అవసరమైనప్పుడు అదే నికల్ వచ్చి పాత మిత్రుల పక్కన కూర్చున్నారు, ఆ రికార్డింగుకూ 2018లో గ్రామఫోన్ పురస్కారం దక్కింది. చెల్లో వాయించే పీటర్ యారుషెక్ సైతం అంతకుముందు ష్కాంపా క్వార్టెట్‌లో ఉన్నవారే. బృందం వీడినంత మాత్రాన విద్య ఎక్కడికీ పోదు, విద్య ఉన్నవారిని తోటి కళాకారులు మరచిపోరు.

ఇక డేటా సైన్స్ గురించి నా అనుమానాలు దాచను. కోర్సు పేరు చూసి చేరి, లీనియర్ ఆల్జీబ్రా దగ్గర బెంబేలెత్తి నాకు ఫోన్ చేసిన పిల్లలను చాలామందిని చూశాను. అది మంచి చదువే, లెక్కలంటే ప్రాణం పెట్టేవారికి. మీ అమ్మాయికి లెక్కలు ఇష్టమో కాదో మీ ఉత్తరంలో ఒక్క ముక్కైనా లేదు, మీ వాళ్ల పిల్లల సంగతి మాత్రం ఉంది. ఎనిమిదేళ్లు పాఠాలకు కారులో తిప్పి, వచ్చిన చుట్టాలందరి ముందూ వాయింపించి, తీరా ఆమె దాన్ని మనసుకు పట్టించుకున్నాక కాలక్షేపమనడం న్యాయం కాదమ్మా, కోపగించుకున్నా సరే ఈ మాట చెప్పక తప్పదు.

అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాల్లో సంగీతంతో పాటు మరో మేజర్ (ప్రధాన పాఠ్యాంశం) చదివే వీలుంది. అంతగా చెక్ రాజధాని ప్రేగ్ మీదే మనసుంటే, చెక్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చెక్ భాషలో చదివే విదేశీయులకూ ట్యూషన్ ఫీజు ఉండదు, ఆంగ్ల మాధ్యమానికైతే ఉంటుంది. కాబట్టి ముందు ఆ భాష నేర్చుకునే ఓపిక ఉందో లేదో అమ్మాయినే అడగండి. అక్కడ ఆకర్షణ గురుశిష్య సంబంధం: ఈ నలుగురికి పాఠం చెప్పిన మిలాన్ ష్కాంపా, 1945 నుంచి 1989 దాకా సాగిన స్మెతానా క్వార్టెట్‌లో వయోలా విద్వాంసుడు, ఆ బృందం కాగితం ముందు పెట్టుకోకుండా కంఠస్థంగా వాయించడంలో పేరుపొందింది.

ఈ ఆదివారం ద్వోర్జాక్ అమెరికన్ క్వార్టెట్‌ను ఆమెతో కలిసి వినండి. 1893లో అయోవాలోని స్పిల్‌విల్‌లో రాసినది. పైన వయొలిన్లు సన్నగా వణుకుతూ ఉండగా మొదటి రాగం ఎత్తుకునేది వయోలాయే. ద్వోర్జాక్ స్వయంగా వయోలా వాయించినవాడు. అది విన్నాక, వృత్తిగా ఎంతవరకు రాణించగలదో ఆమె గురువును మీరే, ఆమె ఎదుటే, నిర్మొహమాటంగా అడగండి. ఆయన చెప్పినది నాకు రాయండి. కళాశాలల జాబితా అప్పుడు కలిసి వేద్దాం.