రాత్రి సంత గురించి రాసిన చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

హవాయి దీవుల్లో ఒకటైన కవాయిలో, హనపేపే అనే చిన్న ఊరి వీధిలో శుక్రవారం సాయంత్రాలు జరిగే సంత గురించి నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వాక్యం నీ చేతికి బాగానే లొంగుతోంది. అయితే మొదటి రెండు పేజీల్లో రంగు దీపాలు, సముద్రపు గాలి, నవ్వు ముఖాలు, పదే పదే "స్వర్గం" అనే మాట కనిపించాయి కాని, ఆ ఊరు మాత్రం కనిపించలేదు. ఊరి పేరు తీసేసి గోవా అని పెట్టినా ఆ పేజీలు చెల్లిపోతాయి కనుక వాటిని కొట్టివెయ్యమనే నా సలహా.

వర్ణన మానుకోమని కాదు. మలసాడ బండి దగ్గర నిలబడి రాసిన పేరా చాలా బాగుంది. పిండిముద్ద నూనెలో ఉబ్బడం, వేడి మీదే దాన్ని పంచదారలో దొర్లించడం, చేతిలోని కాగితపు సంచికి నూనె మరక పాకడం, ఇవన్నీ నువ్వు కళ్లారా చూసి రాసినవని తెలుస్తూనే ఉంది. ఆ వంటకం అక్కడికి ఎలా చేరిందో కూడా ఒక వాక్యం చేర్చు. చెరకు తోటల్లో పనికి మదీరా, అసోర్స్ దీవుల నుంచి వచ్చిన పోర్చుగీసు కుటుంబాలు దాన్ని వెంట తెచ్చుకున్నాయి. 1879లో మదీరా నుంచి వచ్చిన ఓడలో దిగిన వడ్రంగులే తమ దేశపు చిన్న తీగవాద్యం ఆధారంగా ఉకులేలే తయారు చేశారు. అంటే నువ్వు వేర్వేరు పేజీల్లో పెట్టిన తిండీ సంగీతమూ ఒకే వలస వెంట వచ్చాయి. అన్నం మీద డబ్బా మాంసం ముక్క పెట్టి సముద్రపు నాచు పట్టీ చుట్టే ముసుబిలో జపాను కూలీల వంట అలవాటు ఉంది. పల్చటి పిండి రేకులో కూర చుట్టి వేయించే లంపియా ఫిలిప్పీన్స్ వాళ్లది. ఇదే హనపేపేలో 1924 సెప్టెంబరు 9న, తోటల సమ్మె కాలంలో జరిగిన ఘర్షణలో 16 మంది ఫిలిప్పీన్స్ కార్మికులు, నలుగురు పోలీసులు చనిపోయారు. ఈ సంగతిని విషాదంగా సాగదీయవద్దు. లంపియా ప్రస్తావన పక్కనే ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగితే చాలు.

ఇక హవాయి వాళ్ల సంప్రదాయ నాట్యం హులా గురించి. "నడుము అలలా కదిలింది" అని రాశావు. సినిమా పోస్టర్లు చూసినవాళ్లెవరైనా ఆ మాట రాయగలరు. హులాకు మూలం మేలే, అంటే పాట. చేతులు ఆ పాటలోని వానను, లోయను, పువ్వును, ప్రియురాలిని చూపిస్తాయి, పైకి పువ్వు గురించి పాడుతున్నట్టున్నా లోపల మరొక అర్థం దాగి ఉండడం అక్కడి కవిత్వ సంప్రదాయం. పదం అర్థం తెలియకుండా కూచిపూడి అభినయం మీద వ్యాసం రాస్తే మనం ఒప్పుకుంటామా? ఆ రాత్రి నువ్వు చూసినది, రెండు సొరకాయ బుర్రలు అతికించి చేసిన ఇపు హెకే దరువుకు గురువు గొంతెత్తి పలికే పాత పద్ధతి కహికోనా, గిటారు ఉకులేలేలతో సాగే కొత్త పద్ధతి అవనానా అన్నది కూడా నీ వ్యాసంలో తేలలేదు. క్రైస్తవం స్వీకరించిన రాణి కఅహుమను 1830లో బహిరంగ ప్రదర్శనలను నిషేధించింది; కలాకవా రాజు 1883లో తన పట్టాభిషేకంలో ఆ నాట్యాన్ని మళ్లీ ప్రజల ముందుకు తెచ్చాడు. ఇంత జరిగిన నాట్యాన్ని "వినోద కార్యక్రమం" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం అన్యాయం.

మరొక చిన్న సంగతి. నాట్యం చేసినవాళ్లు వేసుకున్న దండను "సువాసనగల తెల్లని పూలు" అన్నావు. అది పికాకే అయితే మన మల్లెలే. తెలుగు ఇంట పుట్టి మల్లెపూలకు ఆ వర్ణనేమిటి?

నీ వ్యాసంలో నాకు వెలితిగా తోచింది ఉప్పు. ఆ ఊరి తీరాన కొన్ని కుటుంబాలు తరతరాలుగా వేసవిలో ఉప్పు మడులు కడతాయి. బావుల్లో ఊరిన ఉప్పు నీటిని బంకమట్టి పూసిన మడుల్లో పోసి ఎండనిస్తే, పైపొర తెల్లగా, అడుగున మట్టి కలిసిన పొర ఎర్రగా దిగుతుంది. ఆ ఉప్పును అమ్మకూడదన్నది వాళ్ల కట్టుబాటు. కానుకగా ఇస్తారు, లేదా వస్తువుకు వస్తువుగా మారుస్తారు. వారం వారం సంత జరిగే ఊళ్లో అమ్మకానికి రాని సరుకు ఒకటి ఉందంటే, నీ వ్యాసానికి అంతకన్నా గట్టి పునాది దొరకదని నా అభిప్రాయం. అంగళ్లలో సీసాల్లో అమ్మే ఎర్ర ఉప్పును దీనితో కలిపెయ్యకు.

విశేషణాలు తీసేస్తే మిగిలే చోటును పాట అర్థానికీ ఉప్పు మడులకూ కేటాయించు. వచ్చే నెల మళ్లీ వెళ్తానన్నావు కనుక, పాడినవాళ్లను ఆ పాట దేని గురించో అడిగి రాసుకో. ఉకులేలే వాయించిన పెద్దాయన పేరు వేసేముందు ఆయన అనుమతి తీసుకో. దిద్దిన ప్రతి రాగానే చూసి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న