సాఫ్ట్ స్కిల్స్ కోచింగ్‌కి పాతిక వేలు కట్టమంటారా?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి భీమవరంలో ఈసీఈ మూడో ఏడు చదువుతోంది. మార్కులకి లోటు లేదు. చెరువు నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్‌తో మినీ ప్రాజెక్ట్ కూడా చేసింది. రివ్యూలో మాత్రం దాని గురించి రెండు ముక్కలు చెప్పలేకపోయింది. సెలవుల్లో సాఫ్ట్ స్కిల్స్ కోచింగ్‌కి 25 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా?

సమాధానం: శిక్షణ అవసరమేనండి. క్యాంపస్ సెలక్షన్లలో రాతపరీక్ష గట్టెక్కాక గ్రూప్ డిస్కషన్‌లోనూ ఇంటర్వ్యూలోనూ నోరు పెగలక వెనక్కొచ్చే మంచి విద్యార్థుల్ని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. డబ్బు మాత్రం ఇప్పుడే కట్టకండి. ముందు అమ్మాయిని ఒక క్లాసులో కూర్చోనివ్వమని అడగండి. సారు స్లైడ్లు చూపిస్తుంటే పిల్లలు రాసుకునే తంతు అయితే వద్దు. గట్టు మీద పాఠం వింటే ఈత రాదు కదా. ప్రతి ఒక్కరినీ లేపి మాట్లాడించి, ఫోన్లో రికార్డు చేసి, ఎక్కడ తడబడ్డారో చూపిస్తుంటే అప్పుడు ఆలోచిద్దాం.

ఇంటర్వ్యూలో "మీ ప్రాజెక్ట్ గురించి చెప్పండి" అనే ప్రశ్న దాదాపు తప్పదు. సెన్సర్ నంబరు, బోర్డు పేరు దగ్గర మొదలెడితే వినేవాళ్లకి ఏమీ ఎక్కదు. పగలు చెరువులోని నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలు కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. లీటరుకి 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్యలకి ముప్పు. ఆ వేళకి రైతు నిద్రలో ఉంటే నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ ఎవరు వేస్తారు? అమ్మాయి అక్కడ మొదలెట్టాలి. ఆ తర్వాతే సర్క్యూట్, అందులో తను స్వయంగా చేసిందేమిటి, ఏది పనిచేయలేదు, ఎలా సరిచేసింది.

ముందు ఇదంతా తెలుగులోనే, చెరువు చేసే రైతుకి అర్థమయ్యేలా చెప్పమనండి. ఆయన అడిగే ప్రశ్నలకి జవాబిచ్చిందంటే విషయం తన చేతిలో ఉన్నట్టే. ఆ తర్వాత ఇంగ్లీషులో, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పాలి. గోదావరి యాస గురించి బెంగ వద్దు. మాట స్పష్టంగా, నిదానంగా ఉంటే చాలు.

కాలేజీలో ఇంగ్లీషు ల్యాబ్ ఎలాగూ ఉంటుంది. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో సాఫ్ట్ స్కిల్స్ పాఠాలు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. ఓ నెల ఇలా చేశాక కూడా గొంతు పెగలకపోతే అప్పుడు కోచింగ్ సంగతి చూద్దాం.

ఈలోగా ఇంట్లో రోజూ పది నిమిషాలు మీరు ఎదురుగా కూర్చుని వినండి. తడబడినా మధ్యలో అందుకుని ఆ మాట మీరు పూర్తి చేయకండి.