మల్లన్న పట్నాన్ని తొక్కడం దోషమా?

ప్రశ్న: పెళ్లయి హనుమకొండకు వచ్చినప్పటి నుంచి అత్తగారి ఇంటివారితో కలిసి ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరలకు వెళ్తున్నాను. మల్లన్న కథ పాడే ఒగ్గు పూజారులు రంగుల పొడులతో ఎంతో శ్రమపడి వేసిన పట్నం ముగ్గును చివరకు వారే తొక్కడం, ఆ రంగుల పొడి కోసం భక్తులు ఎగబడడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. దేవుడి ముగ్గును తొక్కవచ్చునా? స్వామికి ఇద్దరు దేవేరులు ఎందుకు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: పట్నాన్ని వాకిట్లో వేసే ముగ్గులా చూస్తే ఈ సందేహం రావడం సహజమే. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుల పొడి వంటివాటితో, డోళ్లు తాళాలు మోగుతుండగా మల్లన్న కథ పాడుతూ వేసే ఆ పట్నం స్వామిని పిలిచి కూర్చోబెట్టే చోటు. ఆయన వచ్చాడన్న నమ్మకంతోనే పూజారులు శివాలూగుతూ దానిని దాటుతారు కాబట్టి, ఎవరూ అడుగుపెట్టని పట్నం పూర్తయినట్టు కాదు. కొమురవెల్లిలో మహాశివరాత్రినాడు లింగోద్భవ కాలంలో వేసే పెద్దపట్నానిదీ ఇదే పద్ధతి. తొక్కిన తరువాత ఆ పొడి ప్రసాదమవుతుంది; నుదుట పెట్టుకునేవారు, ఇంటికి తీసుకెళ్లి దాచుకునేవారు, పంట బాగుండాలని చేలల్లో చల్లుకునేవారు ఉన్నారు. తోపులాట మాత్రం ఆచారంలో భాగం కాదు, దానికి మీరు బాధపడడంలో తప్పు లేదు.

ఇక దేవేరుల సంగతి. బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ అని ఇరువురి పేర్లలోనే వారి పుట్టిళ్లు తెలుస్తున్నాయి: బలిజలు వర్తకులు, గొల్లలు మందలు కాచేవారు. మహారాష్ట్రలోని జెజూరిలో కొలిచే ఖండోబా దేవుడికి కూడా వర్తక కులానికి చెందిన మ్హాళసా, గొర్రెల కాపరుల ఇంటి బాణాయి అనే ఇద్దరు భార్యలున్నారు. స్వామి ప్రసాదమైన పసుపును అక్కడ భండారా అంటారు, ఇక్కడ బండారి అంటారు. సరుకులు అమ్మే ఇంటికీ, మందను కాచే ఇంటికీ ఒకే అల్లుడు కావడం వల్లనే ఈ దేవుడు ఇన్ని కులాలకు ఇంటి దేవుడయ్యాడని నాకు తోస్తుంది. కల్యాణంలో ఇద్దరికీ సమాన గౌరవం దక్కడం గమనించండి. మైలారుదేవుడన్న పేరుతో ఈ ఆరాధన ఓరుగల్లులో చాలా పాతది. కాకతీయుల నాటి నగరాన్ని వర్ణించిన ‘క్రీడాభిరామం’ అనే పాత తెలుగు వీధినాటకంలో నిప్పుల్లోకి దిగే మైలారు వీరభటులు కనిపిస్తారు. నేటి జాతరల్లోని అగ్నిగుండాలను చూసినవారికి ఆ వర్ణన కొత్తగా అనిపించదు.

ప్రశ్న: మల్లన్న బోనం ఇంట్లో వండి తీసుకెళ్లాలా, గుడి దగ్గరే వండాలా? కోడిని కోయవచ్చునా?
– ఒక పాఠకుడు, జనగామ

సమాధానం: సంక్రాంతి మొదలు ఉగాది వరకు సాగే ఈ జాతరలకు దూరం నుంచి వచ్చేవారు ఎక్కువ కనుక, చాలామంది గుడి పరిసరాల్లోనే పొయ్యి పెట్టి కొత్త కుండలో వండుతారు. కుండకు పసుపు కుంకుమలు పూసి, పైన దీపం వెలిగించి, డోళ్ల మోతతో తీసుకెళ్లి సమర్పిస్తారు. అన్నంలో పాలు పోయాలా, బెల్లం వేయాలా అన్నది మీ ఇంటి పెద్దవారిని అడిగి పాటించండి. ఈ విషయంలో ఇంటి ఆనవాయితీదే పైచేయి. మల్లన్నకు పెట్టేది శాకాహార నైవేద్యమే. కోడి, మేక మొక్కులున్నవారు వాటిని ఎల్లమ్మకో, కొమురవెల్లి నుంచి వెళ్లి దర్శించుకునే కొండపోచమ్మకో చెల్లిస్తారు.