‘ఎగ్ ఆన్’లో గుడ్డెక్కడ?

ప్రశ్న: మా మనవడి ఇంగ్లీష్ పాఠంలో ‘హిజ్ ఫ్రెండ్స్ ఎగ్డ్ హిమ్ ఆన్’ అని ఉంది. స్నేహితులు వాడి మీద గుడ్లు విసిరారని చెప్పాను. వాడు టీచర్‌ని అడిగొచ్చి, ‘ఎగదోశారని అంట అమ్మమ్మా’ అంటూ ఒకటే నవ్వు. గుడ్డుకీ ఎగదోయడానికీ ఏమిటి సంబంధం? కొంపదీసి మన ‘ఎగ’నే వాళ్లు పట్టుకుపోయారా?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీరు నయమమ్మా. నేను లెక్చరర్‌గా చేరిన కొత్తలో ఇంటర్ పిల్లలు ఇదే అడిగితే, తెలియదని చెప్పడానికి మొహం చెల్లక, ‘కోడి గుడ్ల మీద కూర్చుని పొదిగినట్టు, పక్కన చేరి వేడెక్కించడం’ అని అప్పటికప్పుడు అల్లేశాను. వెనక బెంచీ కుర్రాడొకడు నోట్సులో కోడి బొమ్మ కూడా వేసుకున్నాడు. సాయంత్రం లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తీస్తే అందులో కోడీ లేదు, గుడ్డూ లేదు. మర్నాడు ఆ బొమ్మ కొట్టేయమంటే వాడు వినలేదు. బాగా వచ్చిందట!

ఉన్నది కత్తి. 9వ శతాబ్దంలో డెన్మార్క్, నార్వేల నుంచి వచ్చిన వైకింగులు ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో కాపురాలు పెట్టారు. వాళ్ల నార్స్ భాషలో ‘ఎగ్’ అంటే కత్తి అంచు. దాన్నుంచి పుట్టిన క్రియ ‘ఎగ్యా’. మనిషికి పదును పెట్టడమన్నమాట, అంటే ఉసిగొల్పడం. ఇంగ్లీష్‌లో ముందునుంచీ ఉన్న ‘ఎడ్జ్’ దీనికి తోబుట్టువు. మన చతురస్రం చివర ఉన్న ‘అస్రం’, అంటే అంచు, దానికి కూడా దూరపు చుట్టరికం కలుపుతారు భాషా శాస్త్రజ్ఞులు.

తమాషా ఏమిటంటే, తినే ‘ఎగ్’ కూడా ఆ వైకింగుల మాటే, కాకపోతే వేరే ధాతువు. అంతకుముందు ఇంగ్లీష్‌వాళ్లు గుడ్లని ‘ఐరెన్’ అనేవాళ్లు. ఈ రెండు మాటలూ చాలాకాలం కొట్టుకున్నాయి. ఇంగ్లండ్‌లో మొదటి ముద్రాపకుడు కాక్స్‌టన్ 1490లో తన పుస్తకం ముందుమాటలో ఒక ముచ్చట రాశాడు. థేమ్స్ నది మీద ఓడలో బయల్దేరిన వర్తకులు గాలి లేక ఒడ్డున ఆగారు. ఒకడు ఓ ఇంటికెళ్లి ‘ఎగ్స్’ ఉన్నాయా అంటే, ఆ ఇల్లాలు తనకి ఫ్రెంచి రాదంది! వాడికి ఒళ్లు మండింది, ఎందుకంటే వాడికీ ఫ్రెంచి రాదు. పక్కవాడు ‘ఐరెన్’ అన్నాకగానీ ఆవిడకి అర్థం కాలేదు.

ఇక మీ ‘ఎగ’ సంగతి. ఎగువ, ఎగబాకడం, ఎగరడం, వీటన్నిటిలో ఉన్న ఎగ అంటే పైకి. పొయ్యిలో మంట తగ్గితే మా అమ్మ ‘ఆ కట్టెలు కాస్త ఎగదోయరా’ అనేది. మనిషిని ఎగదోయడం అక్కడి నుంచి వచ్చిందే. వాళ్లది కత్తి, మనది కట్టె. రెండూ ఒకేలా వినబడటం కాకతాళీయం.

అర్థంలో మాత్రం బాగా అతుకుతాయి. మిమ్మల్ని తిట్టి మీకు కోపం తెప్పిస్తే అది ‘ప్రొవోక్’. కాలవ వంతెన మీద నిలబడ్డ కుర్రాడితో ‘దూకరా, నీవల్ల కాదేంట్రా’ అని గట్టు మీద నుంచి కేకలేస్తే ‘ఎగ్ ఆన్’. కేకలేసిన వాళ్ల బట్టలు తడవవు. మన ‘రెచ్చగొట్టడం’ రెండు చోట్లా చెల్లుతుంది, అందుకే పిల్లలు తికమకపడతారు.

మీ మనవడికి ఇంకో మాట చెప్పండి. చివర ‘ఆన్’ తీసేసి ఉత్తినే ‘దే ఎగ్డ్ హిమ్’ అంటే, వాడి మీద గుడ్లు విసిరారనే అర్థం. మీరు చెప్పింది ఒక్క ‘ఆన్’ తేడాతో తప్పిందంతే.