సీలు కిట్టు మార్చినా జాకీ ఎందుకు దిగుతోంది?

ప్రశ్న: మా లోడరు ముందు బకెట్టును పైకెత్తి ఇంజను ఆపితే తెల్లారేసరికి నేలకు దిగిపోతోంది. ఆటోనగర్‌లో రెండుసార్లు సీలు కిట్టు మార్పించాం. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: బకెట్టును ఎత్తే హైడ్రాలిక్ సిలిండరే జాకీ. దాన్ని మూడోసారి విప్పించకండి. ముందు కంట్రోల్ వాల్వును, అంటే లివరు కదిపితే జాకీకి ఆయిలు పంపే వాల్వును చూపించండి.

జాకీలో పిస్టనుకు రెండు పక్కలా ఆయిలే ఉంటుంది. అడుగు గది మొత్తం ఆయిలుకే, అవతలి గదిలో మాత్రం రాడ్డు కొంత చోటు తినేస్తుంది. లివరు వదలగానే రెండు గదుల ఆయిలు దారులూ మూసుకుపోతాయి. ఇప్పుడు పిస్టన్ సీలు పూర్తిగా చిరిగిందనుకోండి. అడుగు ఆయిలు సీలు దాటి అవతలి గదికి పోతుంది గానీ, రాడ్డు లోపలికి జరిగిన కొద్దీ ఆయిలుకు చోటు తగ్గిపోతుంది. కాబట్టి రాడ్డు కాస్త దిగి ఆగిపోవాలి. నేలదాకా దిగిందంటే ఆయిలుకు బయటకు దారి దొరికినట్టే. ఆ దారి సాధారణంగా అరిగిన స్పూలు (కంట్రోల్ వాల్వు లోపల జరిగే కడ్డీ), లేదా సరిగా మూసుకోని పోర్టు రిలీఫ్ వాల్వు (ప్రెషరు మితిమీరితే ఆయిలు వదిలే వాల్వు).

అలాగని సీలుకు సంబంధమే లేదని కాదు. సీలు పోతే బరువంతా రాడ్డు అడ్డుకోత వైశాల్యం మీదే ఆనుతుంది. 80 మి.మీ. బోరు (లోపలి వ్యాసం), 45 మి.మీ. రాడ్డు ఉన్న జాకీలో ప్రెషరు మూడు రెట్లు దాటుతుంది. అంత ప్రెషరుకు కొద్దిగా అరిగిన స్పూలు కూడా ఆయిలు వదిలేస్తుంది. ఇంకొక మాట: బరువు రాడ్డును బయటకు లాగే జాకీలకు ఈ లెక్క వర్తించదు. అక్కడ సీలు ఒక్కటి పోయినా చాలు, దిగిపోతుంది.

తేల్చుకునే పద్ధతి ఇది. మిషను కాసేపు నడిపి ఆయిలు వేడెక్కనివ్వండి, చల్లటి చిక్కటి ఆయిలు లీకును దాచేస్తుంది. లోడరు చేతులు పూర్తిగా ఎత్తి సేఫ్టీ లాకు బిగించండి. అది లేకుండా కింద ఎవరూ నిలబడకూడదు. ఇంజను ఆపి, లివరు నాలుగైదుసార్లు అటూ ఇటూ ఆడించి ప్రెషరు తీసేయండి. ఒక జాకీ రాడ్డు వైపు పైపు ఊడదీసి, పైపు మూతికి ప్లగ్ వేయండి. పోర్టు కింద డబ్బా పెట్టి, దూరంగా ఉండి, ఇంజను నెమ్మదిగా నడుపుతూ లివరు ఎత్తే వైపు పట్టుకోండి. మొదట కొంచెం ఆయిలు వచ్చి ఆగిపోతే సీలు బాగుంది. ఆగకుండా ధార కడితే లోపం ఆ జాకీలోనే. రెండో జాకీనీ ఇలాగే చూడండి.

ధార కడితే మళ్ళీ కిట్టు కొనే ముందు బ్యారెల్లోకి (జాకీ గొట్టంలోకి) టార్చి వేసి చూడండి. మంచి బ్యారెల్‌ను అతుకులేని (సీమ్‌లెస్) పైపు లోపల రాపిడి రాళ్ళతో నునుపు చేసి (హోనింగ్) అద్దంలా తయారుచేస్తారు. 80 మి.మీ. బోరులో అనుమతించే తేడా 0.046 మి.మీ. మాత్రమే. నిలువు గీత ఒక్కటున్నా కొత్త సీలు పెదవిని కొద్ది రోజుల్లోనే కోసేస్తుంది. సీలు తిరగబడి ఎక్కినా అంతే: పెదవి ఎప్పుడూ ప్రెషరు వైపు ఉండాలి. గ్లాండు (రాడ్డు బయటకు వచ్చే చోటి మూత) ఎక్కించేటప్పుడు రాడ్డు మరల మీద టేపు చుట్టకపోతే సీలు అక్కడే తెగుతుంది. ఇది చాలా షెడ్లలో చూడని సంగతి.

ప్రశ్న: 80 మి.మీ. బోరు జాకీ ఎంత బరువు ఎత్తుతుంది?
– ట్రాక్టర్ యజమాని, మంగళగిరి

జవాబు: బోరు వైశాల్యం సుమారు 50 చ.సెం.మీ. ప్రెషరు 150 బార్ అయితే తోసేటప్పుడు సుమారు 7.7 టన్నులు. 45 మి.మీ. రాడ్డు ఉంటే లాగేటప్పుడు సుమారు 5.3 టన్నులే. రాపిడి పోను కొంత తగ్గించుకోండి. బరువు లేవడం లేదని రిలీఫ్ వాల్వు బిగించేస్తే పైపో, గ్లాండో పగులుతుంది.

ప్రశ్న: రాడ్డు మీద గీతలకు ఎమరీ పేపరు రుద్దవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రుద్దకండి. పైనున్న క్రోమ్ పూత మందం సుమారు 0.02 మి.మీ. అది పోతే వానాకాలంలో తుప్పు పడుతుంది, ఆ తుప్పు డస్ట్ సీలునీ రాడ్ సీలునీ గీకేస్తుంది. గోరు ఆడిస్తే తట్టుకునేంత లోతుగా గీత ఉంటే పాత క్రోమ్ తీయించి, గ్రైండింగ్ చేయించి, మళ్ళీ పూత వేయించడమే దారి. పని లేని రోజుల్లో రాడ్డును పూర్తిగా లోపలికి దించి ఉంచండి.