బోటు కన్నా ముందు దాని అంచు కింది నీళ్లు చూడండి

విశాఖ ఫిషింగ్ హార్బర్ ఫోటో చూసి ఆయిల్ రంగుల్లో వేస్తుంటే బోట్లు కత్తిరించి అతికించినట్టు వస్తున్నాయని, నీళ్లేమో మడ్డిగా తయారవుతున్నాయని అడిగారు. మొదటి ఏడాదంతా నాదీ ఇదే బాధండీ.

నేను ముందు బోటు మొత్తం, తాళ్లతో, జెండాలతో సహా పూర్తి చేసేదాన్ని. అది ఆరాక చుట్టూ నీళ్లు నింపేదాన్ని. రెండిటి మధ్యా గట్టి గీత పడిపోయేది. ఒకరోజు పొద్దున్నే జెట్టీ మీద కూర్చుని, ఒక నీలం బోటు నీటిని తాకే చోటు మాత్రమే అరగంట చూశాను. అంచు కింద సన్నటి నల్ల చార. దాని కింద వణుకుతున్న నీలం ముక్కలు, వాటి మధ్య ఆకాశం మెరుపు. ఎక్కడా గట్టి గీత లేదు.

అప్పటి నుంచి బోటు అడుగునీ, నీళ్లలో దాని నీడనీ, అంటే ప్రతిబింబాన్నీ, ఒకే పూట, తడి మీదే వేస్తున్నాను. బోటు రంగునే కాస్త చంపి నిట్టనిలువుగా కిందికి లాగుతాను. తర్వాత పొడి కుంచెతో అడ్డంగా, తాకీ తాకనట్టు ఒక్కసారి. ఇక ముట్టుకోను. మళ్లీ మళ్లీ రుద్దితేనే నీళ్లు మడ్డి అవుతాయి. తెల్ల బోటు నీడ బోటు కన్నా కొంచెం ముదురుగా, నల్ల బోటు నీడ కొంచెం లేతగా ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

నలుపు ట్యూబు పక్కన పెట్టేయండి. అల్ట్రామెరీన్ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ) కలిపితే వచ్చే ముదురు రంగు చాలు. దానికి కాస్త ఎల్లో ఓకర్ చేరిస్తే హార్బర్ నీళ్ల పచ్చటి బూడిద రంగు వస్తుంది. అక్కడి నీళ్లు పోస్టర్లలో సముద్రంలా నీలంగా ఉండవు కదా! వెనక డాల్ఫిన్స్ నోస్ కొండని కూడా చెట్ల పచ్చదనంతో నింపకండి, లేత నీలి బూడిదలో ఉంచితేనే దూరం జరుగుతుంది.

వెలుగునీడలు కుదిరాయో లేదో చూడాలంటే మీ బొమ్మని ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే 1872లో వేసిన లే హావ్ర్ రేవు బొమ్మని (‘ఇంప్రెషన్, సన్‌రైజ్’) అలా చూడండి, ఎర్రటి సూర్యుడు దాదాపు మాయమైపోతాడు. అక్కడ సూర్యుడికీ ఆకాశానికీ తేడా రంగులోనే, వెలుగులో కాదు. ఇది అర్థమయ్యాక నా కన్నే మారిపోయింది.

మొదటి పూత టర్పెంటైన్‌తో పల్చగా, పై పూతల్లో లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) ఎక్కువగా ఉండాలి. తిరగేస్తే పైన పగుళ్లొస్తాయి.

వీలైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో హార్బర్‌కి వెళ్లండి. బోట్లు కట్టేసి ఉంటాయి, తాపీగా స్కెచ్ చేసుకోవచ్చు. ఎండ ముదరక ముందే, ఒకే ఒక్క బోటు, అణియం (ముందు కొస) నుంచి అమరం (వెనక కొస) దాకా.

ఇంకొకటి, లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. నేను నీళ్లలో తడిపి, మూత ఉన్న రేకు డబ్బాలో వేస్తాను.